ఇసుక నేలలో ఇనుప లాడం

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫన్ గుర్రపు స్వారీ మీద ఒక పుస్తకం రాశాడు. గిట్టలు గట్టిపడాలంటే కొట్టం బయట నాలుగైదు బండ్ల గుండ్రాళ్లు పోయించి, గుర్రాన్ని వాటి మీద నిలబెట్టి ఒళ్లు రుద్దమన్నాడు. లాడం ఊసే ఎత్తలేదు. అశ్వదళంతో యుద్ధాలు చేసినవాడి సలహా ఇది.

ఆ తర్వాత రోమన్లు ఒక ఇనుప తొడుగు చేసి గిట్టకు తోలుపట్టీలతో కట్టారు. మేకులతో బిగించే అర్ధచంద్రాకారపు లాడం క్రీ.శ. 900 ప్రాంతంలో, బైజాంటైన్ చక్రవర్తి ఆరవ లియో యుద్ధతంత్ర గ్రంథంలో కనిపిస్తుంది. ఐరోపాలో నేల తడి, వీధుల్లో రాళ్ల పరుపు, వెనకాల బరువు బండ్లు. గిట్ట పెరిగే దానికన్నా అరిగేదే ఎక్కువైంది. లాడం అక్కడ పాతుకుపోయింది అందుకే. 1835లో అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో హెన్రీ బర్డెన్ లాడాలు చేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1857 నాటికి అతని యంత్రం సెకనుకు ఒక లాడం చొప్పున వదిలేది.

అరబ్బుల పాత లాడం తీరు వేరు. గిట్ట అడుగునంతా కప్పే పలచని ఇనుపరేకు, నడుమ చిన్న రంధ్రం. పదును రాళ్ల మీద అరికాలిని కాయడమే దాని పని. గుర్రాలు మాత్రం అరబ్బు రేవుల నుంచి మన తీరాలకు వందల ఏళ్లు వస్తూనే ఉన్నాయి. పదమూడో శతాబ్దం చివర్లో మన మోటుపల్లి రేవును వర్ణించిన మార్కోపోలో, దానికి దక్షిణాన ఉన్న తమిళ తీరం గురించి ఒక చేదు మాట రాశాడు. ఏటా వేల గుర్రాలు దిగుతాయట, సరైన పోషణ లేక చాలామటుకు చచ్చిపోతాయట. గిట్టలు చూసే పనివాళ్లను వర్తకులు అక్కడికి పోనిచ్చేవారు కారట, గుర్రాలు బతికితే బేరం తగ్గుతుందని! పంతొమ్మిదో శతాబ్దంలో కువైట్ రేవు కూడా బొంబాయికి గుర్రాలు పంపింది.

ఇప్పుడు మనవాళ్లే అటు పోతున్నారు. కువైట్ నగరానికి నైరుతిన కబ్ద్ ప్రాంతంలో గుర్రాలు, ఒంటెలు, గొర్రెలు ఉండే జాఖూర్లు వరసగా ఉంటాయి. కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లలో పశువుల పనిలో కుదిరినవాళ్లూ ఉన్నారు. ఊళ్లో ఎద్దును తాళ్లతో పడేసి, చీలిన గిట్టకు రెండు రేకులు కొట్టడం చూసినవాళ్లకు గుర్రానికి లాడం కొట్టడం సున్నితమైన పనిగా కనిపిస్తుంది. గుర్రం మూడు కాళ్ల మీద నిలబడే ఉంటుంది. పనివాడు పాత మేకుల మడతలు విప్పి, పట్టుకారుతో లాడం ఊడదీసి, పెరిగిన గిట్టను కత్తితో చెక్కి, ఆకురాయితో చదును చేస్తాడు. కొత్త మేకు మొన ఒకపక్కకు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అది లోపలికి పోకుండా వంగి గిట్ట గోడలోంచి బయటికి పొడుచుకొస్తుంది. ఆ మొనను తుంచి మడుస్తాడు. మేకు కాస్త లోపలికి దిగితే ప్రాణమున్న కండకు తగిలి గుర్రం కుంటుతుంది.

గిట్ట గోడ మన గోరులాగే కెరటిన్. నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు భాగం పైనుంచి నేలదాకా దిగాలంటే ఏడాది దగ్గర పడుతుంది. అడుగు పడ్డప్పుడల్లా మడమ వైపు కాస్త విచ్చుకుని దెబ్బను మింగుతుంది. ఆ కదలిక చెడకూడదనే మేకులన్నీ గిట్ట ముందు సగంలోనే కొడతారు. అయినా ఇనుము ఉన్నచోట గిట్ట స్వేచ్ఛ కొంత తగ్గక తప్పదు.

కువైట్‌లో మామూలు గుర్రం తిరిగేది కొట్టంలోని ఇసుకలో, స్వారీ మైదానపు ఇసుకలో. అలాంటి గుర్రానికి వట్టి గిట్టే మేలని నా గట్టి అభిప్రాయం. పశ్చిమాన దిబ్‌దిబా గులకరాళ్ల మైదానంలో దూరం పోయేవాటికి, తారురోడ్డు మీద నడిచేవాటికి, గిట్ట జబ్బుకు వైద్యుడు చెప్పినవాటికి లాడం కావాలి. అక్కడైనా బరువులో సుమారు 60 శాతం మోసే ముందుకాళ్లకు మాత్రమే కొట్టించి చూడవచ్చు. లాడం లేకపోతే ఆటలో వెనకబడుతుందన్న భయం అక్కర్లేదు. టోక్యో ఒలింపిక్స్ జంపింగ్‌లో జట్టు స్వర్ణం గెలిచిన స్వీడన్ మూడు గుర్రాల్లో రెండు, ఆల్ ఇన్, కింగ్ ఎడ్వర్డ్, వట్టి గిట్టలతోనే దూకాయి.

ఖర్చు సంగతి. ఆరు వారాలకోసారి లెక్కేస్తే ఏడాదికి ఎనిమిది తొమ్మిది సార్లు పనివాడు రావాలి. లాడం ఉన్నా లేకున్నా ఇది తప్పదు. చాలా దేశాల్లో చెక్కుడు కూలి నాలుగు లాడాల ఖర్చులో మూడోవంతు నుంచి సగం దాకా ఉంటుంది. ఆదా అక్కడే. కానీ లాడం తీసేసి, చెక్కించడం కూడా మానేస్తే గిట్ట పగిలి, ఆ ఆదా అంతా వైద్యానికే పోతుంది. లాడానికి అలవాటుపడ్డ గుర్రం తేరుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా గులకల మీదికి పోవాలంటే దాని గిట్టలకు రబ్బరు బూట్లు కొనాలి.

2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం కువైట్. వేసవిలో గుర్రాన్ని రోజూ తడపక తప్పదు. తడిసి ఎండడం పదేపదే జరిగితే గిట్ట చీలుతుంది, మేకు రంధ్రాలు వదులవుతాయి. ఒళ్లు తడపండి, గిట్టల దగ్గర నీళ్లు నిలవనీయకండి. బార్లీ, ఖర్జూరాలు ముద్దుకొద్దీ పెట్టకండి. అతిమేత తెచ్చే గిట్ట జబ్బు లామినైటిస్‌ను ఏ లాడమూ ఆపలేదు. రోజూ నాలుగు కాళ్లూ ఎత్తి అడుగు శుభ్రం చేయండి. వేడి, వాసన, చీలిక ఏది తగిలినా ఆ పూటే యజమానికి చెప్పండి.