కటివలయపు కొలతలు ఎంతవరకు నమ్మదగినవి?

ప్రసవ సమయమున శిశువు దాటి రావలసిన ద్వారము తల్లి కటివలయము. వెనుక త్రికాస్థియు, ఇరుప్రక్కల తుంటి ఎముకలును కలిసి ఏర్పడిన ఈ వలయము మిక్కిలి ఇరుకైనచో కాన్పు కష్టమగును. "ఎముక ఇరుకు" అను ఒక్క మాటపై శస్త్రచికిత్స నిశ్చయమగుటయు కలదు. కావున ఆ మాట వెనుకనున్న అంకె ఎంత నమ్మదగినదో ప్రజలు తెలిసికొనుట అవసరము.

చేతి కొలత మొదలు త్రిపరిమాణ చిత్రము వరకు

వలయపు పైద్వారమున ముందు వెనుకల నడిమి దూరము సాధారణముగా 11 సెంటీమీటర్ల ప్రాంతమున ఉండును. ఇది నేరుగా చేతికి అందదు. ముందరి ఎముక క్రింది అంచునుండి వ్రేళ్లతో కొలిచి, అందులో 1.5 మొదలు 2 సెంటీమీటర్లు తగ్గించి వైద్యులు అంచనా కట్టుదురు.

1895లో ఎక్స్‌రే కిరణములు కనుగొనబడిన పిదప ఎముకల నీడను చూచుట సాధ్యమైనది. అయితే ఫిల్మునకు దూరముగా నున్న ఎముక నీడ పెద్దదిగా పడును. అంతేగాక, గర్భస్థ శిశువునకు ఎక్స్‌రే సోకుటకును బాల్యమున కేన్సరు వచ్చుటకును సంబంధము కలదని ఆలిస్ స్టివర్ట్, ఆమె సహచరులు 1958లో ప్రకటించిరి.

1971లో సి.టి. యంత్రముతో తొలిసారి రోగిని పరీక్షించిరి. తరువాత ఎక్స్‌రే అవసరములేని ఎం.ఆర్.ఐ. వచ్చినది. ఇవి శరీరమును పొరలు పొరలుగా చిత్రించును. కంప్యూటరు ఆ పొరలను పేర్చి త్రిపరిమాణ రూపము నిర్మించును. దానిని ఎటు కావలసిన అటు త్రిప్పి, రెండు బిందువుల నడుమ దూరము కొలువవచ్చును.

నమ్మకమునకు పరీక్షలు

చిత్రము స్పష్టముగా నున్నంతమాత్రమున కొలత నమ్మదగినది కాదు. అదే చిత్రమును అదే వ్యక్తి కొన్నాళ్లకు మరల కొలిచినను, వేరొకరు కొలిచినను ఫలితము దాదాపు ఒక్కటే కావలెను. ఇది మొదటి పరీక్ష. కాని అంగడిలోని దొంగ తూకపురాయి కూడ ప్రతిసారి ఒకే బరువు చూపును. కావున పొడవు ముందే తెలిసిన వస్తువును యంత్రములో నుంచి సరిచూచుట రెండవ పరీక్ష.

ఒకరి కొలతలు మరియొకరి కొలతలకంటె ప్రతిసారి 1 సెంటీమీటరు ఎక్కువైనను, రెండు వరుసలును కలిసి పెరుగుచు తరుగుచు నుండును. దానిని ఏకీభావమని భ్రమపడరాదనియు, భేదమునే లెక్కించి చూపవలెననియు 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి.

పొరపాటు ఎచ్చట పుట్టును?

పొర మందము 5 మిల్లీమీటర్లైనచో ఎముక అంచు సరిగా ఏ చోట నున్నదో తేల్చుట కష్టము. కొలత తీయు తలము వాలినచో దూరము మారును. మొనదేలిన ఎముక కొనల నడిమి దూరము పలువురి చేతిలోను ఇంచుమించు ఒకటిగానే వచ్చును. కూర్చుండునపుడు బరువు మోయు ఎముకలు గుండ్రనివి. వాటిపై ఒక్కొక్కరు ఒక్కొక్క చోట గుర్తు పెట్టుదురు. మెత్తని కండరముల కొలతలు, రోగి ముక్కినపుడు ఒక విధముగను విశ్రాంతిగా నున్నపుడు మరియొక విధముగను ఉండును. కావున కొలతతోబాటు అది తీసిన విధమును కూడ వ్రాయవలెను.

కొలత ఒక్కటే తీర్పు కాదు

కొలత సరియైనదే అయినను కాన్పు ఎట్లగునో అది ఒక్కటే చెప్పజాలదు. శిశువు తల ఎముకలు కొంత ఒదుగును. తల్లి కీళ్లు సడలును. గొంతుకూర్చున్నపుడు క్రిందిద్వారము విశాలమగును. నొప్పుల బలమును ముఖ్యమే. ఆరోగ్యవతులగు గర్భిణులు ప్రసవమునకై ఆసుపత్రిలో చేరునపుడు కటివలయమును ఆనవాయితీగా చేతితో కొలుచుటను సిఫారసు చేయబోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెలిపినది.

అట్లని ఈ చిత్రములు నిరుపయోగములు కావు. ప్రమాదమున తుంటి ఎముక విరిగినవారికిని, శిశువు ఎదురుకాళ్లతో నున్న కొందరు తల్లులకును వైద్యుడు వీనిని కోరవచ్చును. అప్పుడు ఏ కొలత తీసిరి, రెండవవారు సరిచూచిరా, ఇతర పరీక్షలు ఏమి చెప్పుచున్నవి అని అడుగుట కుటుంబమువారి హక్కు. అంకెను చూచి భయపడనక్కరలేదు; అంకెను చూపి వైద్యుని సలహాను త్రోసిపుచ్చనురాదు. నెలనెల పరీక్షలు చేయించుకొని, కాన్పు తగిన వసతులుగల ఆసుపత్రిలో జరుగునట్లు చూచుకొనుటయే తల్లికిని బిడ్డకును క్షేమము.