సంగీత పట్టాకు తోడు హక్కుల పాఠం
స్టూడియో పని, ఒప్పంద పత్రం, రాయల్టీ లెక్కలు విద్యార్థి దశలోనే తెలియాలి

విజయనగరం: విశ్వవిద్యాలయంలో సంగీతం అభ్యసించి పట్టా పుచ్చుకొన్న విద్యార్థికి రాగలక్షణం తెలుసు, తాళగతులు తెలుసు, 72 మేళకర్తల అమరిక తెలుసు. అయితే ఒక భక్తిగీతాల ఆల్బమ్‌కు పాడి, ఇచ్చిన సొమ్ము తీసుకొని, తాను సంతకం చేసిన కాగితంలో ఏమున్నదో చాలామందికి తెలియదు. ఆ పాట పదేళ్లపాటు ఆలయాల మైకుల్లో, సెల్‌ఫోన్లలో మోగినా పాడినవారికి పైసా రాకపోవడానికి ప్రతిభాలోపం కారణం కాదు. పాట చుట్టూ అల్లుకొని ఉన్న వ్యాపారం, చట్టం, సాంకేతికత పాఠ్యాంశాలలో తగినంత చోటు పొందకపోవడమే కారణం.

నాటి బాట వేరు

విజయనగరంలో 1919లో మహారాజావారు నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు 1936లో ఆ పదవిని చేపట్టారు. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి.సుశీల, నేదునూరి కృష్ణమూర్తి ఇక్కడే విద్య నేర్చారు. ఆనాడు చదువు ముగించినవారికి ప్రధానంగా మూడు మార్గాలుండేవి. ఆకాశవాణిలో పాడటం, మద్రాసు వెళ్లి సినిమాల్లో ప్రయత్నించడం, సంగీతోపాధ్యాయులుగా స్థిరపడటం. ఈ మూడింటిలోనూ కళాకారుడు పాడటం వరకే చూసుకొనేవాడు. రికార్డింగ్, ప్రచారం, అమ్మకం ఇతరుల బాధ్యత.

ఆ మార్గాలు నేటికీ మూసుకుపోలేదు. ఆకాశవాణి ఆడిషన్‌లో బి, బి-హై, ఏ, టాప్ అనే శ్రేణులు కచేరీ నిర్వాహకుల దృష్టిలో ఇప్పటికీ విలువ కలిగినవే. బోధన వృత్తిని కోరేవారికి యూజీసీ నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టుగా ఉంది. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీతోపాధ్యాయ పోస్టులున్నాయి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు రూ.5 వేల చొప్పున రెండేళ్లపాటు ఉపకార వేతనం ఇచ్చే పథకాన్ని నడుపుతోంది. అయితే వీటి సంఖ్య పరిమితం. ఏటా పట్టాలతో బయటికొచ్చే వారందరికీ ఇవి చాలవు.

మిగిలినవారికి దారి చూపుతున్నది భక్తి, జానపద ఆల్బమ్‌లు, సినిమా ట్రాకులు, ప్రకటనల జింగిల్స్, టీవీ కార్యక్రమాలు, ఆన్‌లైన్ బోధన. ఇక్కడ కళాకారుడే గాయకుడు, కొంతవరకు రికార్డిస్టు, గుమాస్తా కూడా. ఈ పనులకు విద్యార్థిని సిద్ధం చేయాల్సిన చోటు తరగతి గదే.

స్టూడియో భాష నేర్వాలి

మొదటి చిక్కు శ్రుతి దగ్గరే వస్తుంది. ‘నాది ఐదున్నర శ్రుతి’ అని గాయని చెబితే కీబోర్డు వాద్యకారుడు దానిని జీ షార్ప్‌గా తీసుకుంటాడు. ఒకటి అంటే సీ, ఒకటిన్నర అంటే సీ షార్ప్, ఐదు అంటే జీ. ఈ చిన్న పట్టిక తెలియనివారు స్టూడియోలో తమకు అనువుగాని స్థాయిలో పాడి గొంతు అలసిపోతారు. ఆదితాళంలోని ఎనిమిది అక్షరాలు నాలుగు లెక్కల పాశ్చాత్య ఆవర్తాలు రెండింటికి సరిపోతాయి. మిశ్రచాపుకు ఏడు లెక్కలు కట్టాలి. నిమిషానికి ఇన్ని దెబ్బలని నిర్ణయించిన యంత్రపు టిక్కుటిక్కు శబ్దాన్ని చెవిలో వింటూ, లయ జారకుండా పాడటం ప్రత్యేక సాధన. కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుడిని అనుసరించి సర్దుకుంటాడు. యంత్రం సర్దుకోదు.

ఇంటివద్దనే పాడి పంపే అవకాశాలు పెరిగిన నేపథ్యంలో మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వాడకం తెలియాలి. సీడీ ప్రమాణం సెకనుకు 44,100 నమూనాలు. వీడియోకు ఇచ్చే ధ్వనిని సాధారణంగా 48,000 నమూనాలతో నమోదు చేస్తారు. కుదించిన ఎంపీ3 కాక వేవ్ ఫైలునే మూలప్రతిగా భద్రపరచుకోవాలి. ఇవి ఒక సెమిస్టరులో నేర్పదగిన విషయాలు. శబ్దం లోపలికి రాని ఒక చిన్న గది, ఒక కంప్యూటర్ ఉంటే విభాగంలోనే అభ్యాసం చేయించవచ్చు.

సంతకానికి ముందు చదవాలి

రెండో అంశం ఒప్పందం. కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో జరిగిన సవరణ కళాకారులకు కీలకమైన రక్షణ కల్పించింది. సినిమాలో చేరిన పాట థియేటర్‌లో ప్రదర్శన ద్వారా కాక మరే విధంగా వినియోగమైనా, గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను నిర్మాతకు వదులుకోవడానికి వీల్లేదు. సినిమాయేతర ఆల్బమ్ పాటలకూ ఇలాంటి రక్షణే ఉంది. వారసులకు గానీ, కాపీరైట్ సంఘానికి గానీ తప్ప ఆ హక్కును ధారాదత్తం చేసే షరతు చెల్లదు. గాయకులకు, వాద్యకారులకు ప్రదర్శకుల హక్కు ఉంది. వారి గానం వాణిజ్యపరంగా వినియోగమైనప్పుడు రాయల్టీ కోరవచ్చు.

హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమని చట్టం భావిస్తుంది. ఒప్పందం నాటికి లేని మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప ఆ బదిలీ దానికి వర్తించదు. అందుకే కొన్ని పత్రాల్లో ‘ఇప్పుడున్న, ఇకపై రాబోయే సమస్త మాధ్యమాలకు, శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా’ అన్న వాక్యం కనిపిస్తుంది. చదవకుండా సంతకం చేసేవారు పోగొట్టుకునేది ఈ ఒక్క వాక్యంలోనే ఉంది.

కృత్రిమ మేధ వచ్చాక మరో షరతు చూడాలి. గాయకుడి గొంతును యంత్రంతో అనుకరించడంపై అరిజిత్ సింగ్ వేసిన వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు 2024 జులైలో ఆయనకు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. పేరున్న గాయకుడు కోర్టుకెళ్లగలడు. కొత్తవారికి ఒప్పంద పత్రమే కాపుదల. తమ గొంతును యంత్ర శిక్షణకు వాడరాదన్న వాక్యం అందులో ఉండేలా చూసుకోవాలి.

హక్కు ఉన్నా అడగనిదే రాదు

చట్టంలో వాటా ఉన్నంత మాత్రాన సొమ్ము ఇంటికి నడిచిరాదు. గీత రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ 1969లో ఏర్పడింది. సవరించిన చట్టం కింద 2017లో మళ్లీ కాపీరైట్ సంఘంగా నమోదైంది. గాయకుల కోసం ఇస్రా 2013లో నమోదై, తరువాత వాద్యకారులనూ కలుపుకొని ఇసామ్రాగా మారింది. వీటిలో సభ్యత్వం తీసుకొని, తమ పాటల వివరాలను నమోదు చేయించుకున్నవారికే పంపిణీలో వాటా దక్కుతుంది.

నమోదులో పేరు ముఖ్యం. ఒక పాటలో ఇంటిపేరు ముందు, మరో పాటలో వెనుక, ఇంకోచోట ఆంగ్ల అక్షరాలు వేరుగా ఉంటే అవన్నీ ఒకే వ్యక్తివని యంత్రం గుర్తించలేదు. ప్రతి రికార్డింగ్‌కూ 12 అక్షరాంకెల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య ఉంటుంది. రచయిత, స్వరకర్త, గాయకుడు, వాద్యకారుల పేర్లను విడుదలకు ముందే సరిగా నింపాలి. తరువాత దిద్దడం కష్టం.

స్ట్రీమింగ్ ఆదాయంపై అతిగా ఆశ పెట్టుకోవడమూ తగదు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట పన్నెండు నెలల్లో వెయ్యిసార్లయినా వినబడకపోతే దానికి రికార్డింగ్ రాయల్టీ లెక్కకట్టడం లేదు. వేదికలు శాశ్వతం కావు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, 2024లో వింక్ మ్యూజిక్ మూతపడినప్పుడు ఆ ఒక్క వేదికనే నమ్ముకున్నవారు శ్రోతలను కోల్పోయారు. మూలప్రతులు, ఒప్పందాలు, శ్రోతల చిరునామాలు తమవద్దనే ఉంచుకోవాలి.

కీర్తన పాతదే, బాణీ ఎవరిది?

తెలుగు విద్యార్థులు ఎక్కువగా పొరబడే చోటు ఇది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన కృతులను ఎవరైనా పాడి విడుదల చేయవచ్చు. అన్నమాచార్య సంకీర్తనల సాహిత్యమూ అందరిదే. కానీ మనం నేడు పాడే అనేక సంకీర్తనల బాణీలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. స్వరరచనపై హక్కు స్వరకర్త మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు ఉంటుంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో, నేదునూరి 2014లో కన్నుమూశారు. వారి బాణీలపై హక్కు వరుసగా 2039, 2074 సంవత్సరాంతం వరకు కొనసాగుతుంది. ఆ హక్కు ఎవరి పేరున ఉన్నదో విచారించి, అనుమతి పొందిన తరువాతే రికార్డు చేయాలి.

జానపదం విషయంలోనూ ఇంతే. ఉత్తరాంధ్ర పల్లెల్లో తరతరాలుగా వస్తున్న పాటలకు కర్త తెలియదు. అయితే జనం నోట నాని జానపదంగానే చెలామణి అవుతున్న కొన్ని పాటలకు రచయితలున్నారు. పార్వతీపురం ప్రాంతానికి చెందిన వంగపండు ప్రసాదరావు 2020లో మరణించారు. ఆయన రచనలపై హక్కు 2080 చివరి వరకు ఉంటుంది. కర్త ఎవరో విచారించకుండా యూట్యూబ్‌లో పెట్టిన పాటపై ఫిర్యాదు వస్తే పాటతోపాటు, దానిపై వచ్చే రాబడీ పోతుంది. ఇతరుల హక్కును గౌరవించడం నేర్చినవారే తమ హక్కును గట్టిగా అడగగలరు.

లెక్కల పుస్తకం తప్పదు

శాస్త్రీయ, జానపద సంగీత ప్రదర్శనకు కళాకారుడు తీసుకొనే పారితోషికం రూ.1.50 లక్షలు మించకపోతే దానిపై జీఎస్టీ లేదు. సినిమా పాటకు, ప్రకటనల రికార్డింగ్‌కు ఈ మినహాయింపు వర్తించదు. సేవల ద్వారా ఏడాదికి రూ.20 లక్షలు దాటి రాబడి వస్తే జీఎస్టీ నమోదు తప్పనిసరి. వృత్తి పారితోషికంలో చెల్లింపుదారు ముందుగానే పన్ను మినహాయించుకుంటే, ఆదాయం తక్కువగా ఉన్నవారు రిటర్ను దాఖలు చేసి వాపసు పొందవచ్చు. దాఖలు చేయనివారు తమ సొమ్మును తామే వదులుకున్నట్లు.

స్థిరమైన నెలసరి ఆదాయానికి బోధన ఇప్పటికీ నమ్మకమైన ఆధారం. విదేశాల్లోని తెలుగు కుటుంబాలు పిల్లలకు ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం చెప్పిస్తున్నాయి. వేసవిలో మనకు తెల్లవారుజాము 5.30 గంటలైతే న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి ఎనిమిది. వేకువన రెండు తరగతులు చెప్పి, పగలు సాధనకు, రికార్డింగ్‌కు కేటాయించుకొనే వీలుంది. అయితే తెలుగు చదవడం రాని పిల్లలకు సాహిత్యార్థం వివరించి, ఉచ్చారణ దిద్దగల నేర్పు కావాలి. అదీ శిక్షణతో వచ్చేదే.

విశ్వవిద్యాలయాలు చేయగలిగినవి

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీపద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వంటి చోట్ల సంగీత విభాగాలతోపాటు ఇతర విభాగాలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఒప్పంద పత్రం ఎలా చదవాలో న్యాయశాస్త్ర అధ్యాపకులు, పద్దులు ఎలా రాయాలో వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు, ధ్వని నమోదు గురించి ఇంజినీరింగ్ అధ్యాపకులు చెప్పగలరు. ఇందుకు కొత్త విభాగం అక్కర్లేదు. ఉన్నవారి మధ్య ఏర్పాటు చాలు. జాతీయ విద్యావిధానం 2020 ఇంటర్న్‌షిప్‌లకు ప్రాధాన్యమిచ్చింది. దాని ప్రకారం విద్యార్థులను ఆకాశవాణి కేంద్రాలకు, రికార్డింగ్ స్టూడియోలకు పంపవచ్చు.

ఇవన్నీ నేర్పితే సాధనకు సమయం తగ్గుతుందన్న అభ్యంతరం అధ్యాపకుల్లో ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. గాత్రం పండనివారికి ఒప్పందమే రాదు. అందుకే సాధన గంటలు తగ్గించకుండా, చివరి రెండు సెమిస్టర్లలో వారానికి రెండు మూడు గంటలు దీనికి కేటాయించడం మధ్యేమార్గం.

పట్టా పుచ్చుకొనేలోగా విద్యార్థి సమకూర్చుకోవలసినవి:

* శాస్త్రీయం, లలితం, భక్తి, జానపదం, సినీ బాణీల్లో కనీసం ఒక్కొక్కటి చొప్పున శుభ్రంగా నమోదైన ఐదు పాటలు
* అన్నిచోట్లా ఒకే విధంగా రాసే పేరు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా
* తాను పాల్గొన్న ప్రతి రికార్డింగ్‌కు తేదీ, సంస్థ, పారితోషికం, షరతుల వివరాలతో ఒక పుస్తకం
* సంతకం చేసిన ప్రతి పత్రానికీ నకలు
* అర్హతను బట్టి ఐపీఆర్‌ఎస్ లేదా ఇసామ్రాలో సభ్యత్వం
* ఆకాశవాణి ఆడిషన్‌కు దరఖాస్తు

ఈ ఆరింటిలో ఏ ఒక్కదానికీ పెద్ద పెట్టుబడి అవసరం లేదు. విద్యార్థి దశలో అలవాటు చేసుకున్నవారికి తొలి ఒప్పందం నాడే వాటి ప్రయోజనం తెలుస్తుంది.