పాత ఇంగ్లీషు మోటారుసైకిళ్లకు మేలైన సామాను



మన కరీంనగరము, ఆదిలాబాదు సీమల పల్లెలలో పెక్కు లోగిళ్ల పశువుల కొట్టములందు, గడ్డిమోపుల వెనుక, గోనెపట్టా కప్పుకొని యొక మోటారుసైకిలు నిలిచియుండుట మీ రెరుగనిది కాదు. ఒకప్పు డదియే ఆ యింటి గుఱ్ఱము. అర్ధరాత్రమున వైద్యుని దోడ్కొని వచ్చినదియు, సంతకు విత్తనపు బస్తా మోసినదియు నదియే. నేడు కుమారుడు “బాపూ, దీనికి సామాను దొరకదు, తూకానికి అమ్మేద్దాం” అనుచున్నాడు. తండ్రికి మనసొప్పదు, కాని మారుమాట తోచదు. ఆ తండ్రికి కొంత మాటసాయము చేయుటయే నా ప్రసంగమున కుద్దేశము. సామాను దొరకదనుట సత్యము కాదు. దొరకిన సామాను మేలైనదా కాదా యనునదే విచారింపవలసిన విషయము.

మొదట ఈ బండ్ల పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను. ఇంగ్లాండు దేశమున రెడిచ్ అను పట్టణమున ఎన్‌ఫీల్డు కంపెనీవారు 1901లో తమ మొదటి మోటారుసైకిలును చేసిరి. బుల్లెట్టు అను పేరు 1930 దశకమున వచ్చినది. 1950 దశకమున మన సైన్యము సరిహద్దుల కాపలాకై ఈ బండ్లను కొనెను. 1955లో మద్రాసు మోటార్సు వారును రెడిచ్ వారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీని స్థాపించిరి. తొలుత ఇంగ్లాండునుండి వచ్చిన భాగములను తిరువొత్తియూరులో కూర్చెడివారు. 1962 నాటికి అన్ని భాగములును ఇచ్చటనే తయారగుచుండెను. 1967లో రెడిచ్ కర్మాగారము మూతపడెను. మద్రాసు కర్మాగారము మాత్రము నిలిచెను. 1977లో ఇచ్చటి బండ్లే ఇంగ్లాండునకు ఎగుమతి కాసాగినవి. పుట్టినింట లేని బిడ్డ మెట్టినింట వర్ధిల్లినట్లు, ఆ యంత్రము మన దక్షిణ దేశముననే బ్రదికినది. పోతయినుప సిలిండరు గల ఆ పాత యింజను చాలకాలము పెద్ద మార్పు లేక సాగి, 2000 దశకము చివర నిలిచిపోయెను. అన్ని యేండ్లు ఒకే తీరున చేసిన యంత్రమునకు సామాను కరవగుట యెట్లు?

రెండవ తెగ బండ్లు యుద్ధకాలపువి. బర్మింగ్‌హాములోని బి.ఎస్.ఏ. కంపెనీవారు రెండవ ప్రపంచ యుద్ధమునకై ఎం. 20 అను బండిని సుమారు 1,26,000 చేసిరి. 1970 దశకపు తొలినాళ్లలో ఆ కంపెనీ క్షీణించినను, అన్ని బండ్లు లోకమంతట నిలిచియుండుటచేత, వాని భాగములను నేటికిని ఇంగ్లాండులో చిన్న కార్ఖానాలవారు క్రొత్తగా చేయుచున్నారు. అట్టి వారికి వ్రాయునపుడు భాగముపేరు మాత్రమే చెప్పిన చాలదు. ప్రతి బండికిని బొమ్మలతో కూడిన భాగముల పుస్తకము కలదు. అందులోని సంఖ్యను, మన యింజను సంఖ్యను, బండి పుట్టిన సంవత్సరమును తెలుపవలెను. సుంకమును తపాలా ఖర్చును ముందే లెక్క వేసికొనవలెను.

ఇక బుల్లెట్టు సామానునకు సముద్రము దాటనక్కరలేదు. సికిందరాబాదు రాణీగంజు, చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, ఢిల్లీలో కరోల్‌బాగు ఇందుకు ప్రసిద్ధములు. వాడిన సామానునకు చెన్నైలోని పుదుప్పేట పేరొందినది. అంగడికి పోవువారు ముందుగా మూడు తరగతుల భేదము నెరుగవలెను: ఇప్పుడు చేసిన క్రొత్తవి, పూర్వము చేయబడి అమ్ముడుపోక నిలువయున్నవి, ఒక బండినుండి ఊడదీసినవి. పండ్లచక్రములు, ఇరుసులు మొదలగు ఉక్కు సామాను పాత నిలువలో దొరకినచో భాగ్యమే. తుప్పు లేకున్న ఉక్కు ముసలిది కాదు. రబ్బరు సామాను అట్లు కాదు. నూనె కారకుండ నాపు సీలులు, చక్రపు ట్యూబులు పెట్టెలోనున్నను ముసలివగును. వానిని క్రొత్తవే కొనవలెను. ఊడదీసిన భాగములలో చట్రమును, ఇంజను గుల్లను సంఖ్య చూడక కొనరాదు. దొంగబండి సామాను కొన్నవాడు అమాయకుడైనను పోలీసు ఠాణా మెట్లెక్కవలసినదే.

పెట్టెమీది ముద్రను నమ్మవలదు. ముద్ర వేయుట సులభము, ఉక్కు చేయుట కష్టము. పాత ముక్కను చేతిసంచిలో వెంట తీసికొనిపోయి, క్రొత్తదానిప్రక్క నుంచి, కొలతపట్టీతో కొలిచి, చేతబట్టి బరువు చూడుడు. కంచు బుష్షులకు ఒక సులభమైన పరీక్ష కలదు: అయస్కాంతము నంటింపుడు. నిజమైన కంచు అంటదు. ఇత్తడిపూత పూసిన ఇనుము అంటుకొనును. బేరింగులకు బండిపేరు గల పెట్టె కొరకు వెదకనక్కరలేదు. వాని అంచున చెక్కిన సంఖ్యయే వాని కులగోత్రములు. 6205 అని యున్నచో చివరి రెండంకెలను అయిదింట హెచ్చింపగా 25 మిల్లీమీటర్ల లోరంధ్రమని తెలియును. దాని వెలుపలి కొలత 52, మందము 15. మంచి కంపెనీది ఏ బేరింగు దుకాణమున కొన్నను చాలును. అయితే యుద్ధకాలపు బండ్లలో అంగుళముల లెక్క బేరింగులు కొన్ని యున్నవి. వానికి మిల్లీమీటర్లవి సరిపడవు.

పిస్టను విషయమున మన మిస్త్రీలు కొందరు ఒక తొందర చేయుదురు. 350 బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణము 90. అందుకే దాని ఘనపరిమాణము 346 సి.సి. అరిగిన సిలిండరును బోరు చేయించి పెద్ద పిస్టను వేయవలెను. పిస్టను తలపై 20 అని యున్నచో అంగుళములో వేయింట ఇరువది భాగములు, అనగా ఇంచుమించు అర మిల్లీమీటరు పెద్దదని అర్థము. ముందు పిస్టను కొని, దానిని చేతికిచ్చి, దానికి తగినట్లు బోరు చేయింపవలెను. ముందు బోరు చేసి పిమ్మట పిస్టను వెదకుట, కొలత లేక చెప్పులు కుట్టించి కాలు వెదకుట వంటిది.

అన్నిటికంటె నష్టము చేయునది మర. దీనిని మన మిస్త్రీలు చూడీ అందురు. 1841లో వ్హిట్‌వర్తు అను ఇంగ్లీషు శిల్పి మరల కొక కట్టుబాటు చేసెను. ఆ మర కోణము 55 అంశలు. సైకిలు మర అను వేరొకటి 60 అంశలది, తరచుగా అంగుళమునకు 26 చుట్లు గలది. పాత ఇంగ్లీషు బండ్లలో ఇట్టివి మూడు నాలుగు తీరులు కలవు. అయిదు పదియారవవంతుల అంగుళపు బోల్టు 7.94 మిల్లీమీటర్లు, నేటి అంగడిలో దొరకు 8 మిల్లీమీటర్ల బోల్టు కంటికి దానివలెనే కనబడును. కాని దాని చుట్లు అంగుళమునకు ఇంచుమించు ఇరువదియే. రెండు చుట్లు ఎక్కి బిగియును. పానా పట్టి బలిమిని త్రిప్పినచో గుల్లలోని మర తెగిపోవును. పది రూపాయల బోల్టు ఇంజనును చెరచును. కావున నట్టు చివరివరకు చేతివ్రేళ్లతోనే పోవలెను. నడుమ నిలిచినచో పానా పట్టనీయకుడు. గొలుసు పరీక్షయు తేలికయే. అయిదు ఎనిమిదవవంతుల అంగుళపు లంకెలు ఇరువదినాలుగు లాగి కొలిచిన 15 అంగుళములుండవలెను. పావు అంగుళమునకు మించి సాగినచో మార్చుటయే మేలు.

ఇంజను చెడినచో బండి నిలుచును, బ్రేకు చెడినచో నిలువదు. ఇది నేను పుస్తకమున చదివినది కాదు. నా మేనమామగారి బుల్లెట్టునకు ఒకమారు నేనే బ్రేకు షూలు తెచ్చి వేయించితిని. అగ్గువకు దొరకెనని సంతోషించితిని. ఆదిలాబాదునుండి నిర్మలకు వచ్చుచు పాత మార్గమున మహబూబు ఘాటు దిగుచుండగా ఎడమకాలి క్రింద బ్రేకు ఒక్కసారిగా పట్టు విడిచెను. షూకు అంటించిన లైనరు ఊడి డ్రమ్ములో చిక్కుకొన్నది. గేరు తగ్గించి, ముందు బ్రేకును మెల్లమెల్లగా పట్టి, కొండవైపు మట్టిలోనికి బండిని దించితిని. వెనుక కూర్చున్న మామ దిగి, చక్రము చల్లారినపిమ్మట విప్పించి, ఆ లైనరు ముక్కను చేతబట్టుకొని, “ఎంతకు తెచ్చినవు అల్లుడా దీన్ని?” అని మాత్ర మడిగెను. నేను ధర చెప్పలేకపోతిని. నాటినుండి బ్రేకు షూలు, చక్రపు పుల్లలు, ముందు ఫోర్కు, తీగెలు అను నాలుగింట బేరమాడుట మానితిని. లైనరు అంచున గోరు దూరు సందున్నచో ఆ షూను అంగడివానికే తిరిగి యిచ్చివేయుడు.

దొరకని చిన్నభాగము లేతుపై చేయించుకొనవచ్చును. బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండము బొగ్గుగనుల ప్రాంతమున ఇనుపపని తెలిసిన పనివారు కలరు. అయితే ఏ ఉక్కుతో చేయవలెనో, ఎంత పదును పెట్టవలెనో ముందే మాటలాడుకొనుడు. మెత్తని ఇనుముతో చేసిన ఇరుసు రూపమున సరిపోవును, పనిలో వంగును.

చట్టము మాటయు నొకటి. రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిమ్మట పరీక్ష చేయించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. ఏబది యేండ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచెను. దాని క్రింద చేర్చిన బండి నిత్యము రోడ్డుపై తిరుగరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు వంటి పనులకు మాత్రమే. అట్టి గౌరవము కోరువారు చట్రమును, ఇంజనును పెద్దగా మార్పకుండ కాపాడుకొనవలెను. కావున ఊడదీసిన పాత ముక్కను, చెడినదైనను, పారవేయకుడు.

మనకు లోహపు మంచిచెడ్డలు క్రొత్త విద్య కాదు. కోనసముద్రపు ఉక్కు కొరకు పారశీక దేశపు వర్తకులు పూర్వము మన సీమకు వచ్చి, కొలిమి దగ్గర నిలిచి చూచి కొనెడివారు. వారు పేరును చూచి కొనలేదు, ఉక్కును చూచి కొనిరి. మీరును అట్లే చేయుడు. ఈ యాదివారము గోనెపట్టా తీసి, ఇంజను సంఖ్యను ఒక కాగితముపై వ్రాసికొని, కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పోయినదేదో, నిలిచినదేదో లెక్క వేయుడు. అమ్ముటయా, నిలుపుటయా యన్నది ఆ లెక్క ముగిసిన పిమ్మటనే నిర్ణయింపుడు.