ఆవాల ఘాటు: ఒక జన్యువు పరిణామం

ఆవగింజను నూరినప్పుడు ముక్కుకెక్కే ఘాటు ఆ మొక్క ఆత్మరక్షణ సాధనం. కణజాలం నలిగిన వెంటనే మైరోసినేజ్ అనే ఎంజైమ్ గ్లూకోసినోలేట్లను విడగొట్టగా, కీటకాలకు హానికరమైన ఐసోథయోసయనేట్లు వెలువడతాయి. వీటి తయారీకి తోడ్పడే జన్యువులు శూన్యం నుండి పుట్టలేదు.

ఆవాల కుటుంబానికే చెందిన ఆరబిడాప్సిస్ మొక్క ఇందుకు నిదర్శనం. లూసిన్ అనే అమైనో ఆమ్లం తయారీకి అవసరమైన ఐసోప్రొపైల్‌మాలేట్ సింథేజ్ జన్యువు పూర్వం ద్విగుణీకృతమైంది. ఒక ప్రతి పాత విధిని నిర్వర్తిస్తూ ఉండటంతో, రెండవ దానిలోని ఉత్పరివర్తనలు మొక్కకు ప్రాణాంతకం కాలేదు. ఆ రెండవ ప్రతి లూసిన్ నియంత్రణకు లోబడే చివరి భాగాన్ని కోల్పోయింది. క్రియాశీల స్థానంలో మార్పులు పొంది, మిథియోనిన్ నుండి ఏర్పడిన అణువుల గొలుసును పొడిగించసాగింది. గ్లూకోసినోలేట్ల వైవిధ్యానికి ఇదే ఒక మూలం.

అయితే క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఈ రసాయనాలను తక్కువ హానికరమైన నైట్రైళ్లుగా మళ్ళించే ప్రోటీన్‌ను సంతరించుకున్నాయి. కనుక మొక్క రక్షణ ముగిసిన నిర్మాణం కాదు. పోషణకై ఏర్పడిన జన్యువులు ఎడతెగక పొందే రూపాంతరం.