పథ్యము - పుష్టి



గత వేసవిలో నేను హైదరాబాదు హైటెక్ సిటీ చెంతనున్న మాదాపురమున మా మేనకోడలి యింట నుంటిని. దంపతులిద్దఱును అచటి కంప్యూటరు కచేరీలలో నుద్యోగులు. వారి మూడేండ్ల పాపకు పుట్టుకతోనే ఫినైల్‌కీటోనూరియా యను వ్యాధి కలదు. మేనకోడలు ప్రతిదినము పాప యన్నమును గ్రాముల లెక్కను తూచుట చూచి విస్తుపోతిని.

మనము తిను మాంసకృత్తులలో ఫినైల్‌అలనిన్ అను నంశము కలదు. దానిని మార్చు శక్తి యీ శిశువుల కాలేయమునకు చాలదు. అది నెత్తుట పేరుకొని మెదడును చెఱచును. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగు ఈ వ్యాధిని కనుగొనెను. 1953లో బికెల్ మొదలగువారు ఇంగ్లండున ఆహారనియమముచే దీని నదుపుచేయవచ్చునని ప్రకటించిరి. ఇది పరదేశపు రోగమనుకొనరాదు. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలలో 18,300 మంది శిశువులను పరీక్షింపగా, ఇట్టి జన్మగతలోపములు వేయింట నొకరికి కానవచ్చెనని 2004లో వైద్యులు ప్రకటించిరి. మేనరికము లిందుకు దోహదములు. మా పాప తల్లిదండ్రులదియు మేనరికమే. ఆ సంబంధము కుదిర్చినవారిలో నేనొకడను.

నూఱు గ్రాముల కందిపప్పులో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు, బియ్యములో 7. కావున పప్పు, పాలు, పెరుగు నిషిద్ధములు, అన్నము మితము. సగ్గుబియ్యము, కూరలు, పండ్లు మిగులును. ఇంత తీసివేసిన పిదప బిడ్డ దేనితో పెరుగును? ఫినైల్‌అలనిన్ లేని పొడి యొకటి కలదు. ఎదుగుదలకు వలయు తక్కిన యంశములను, బి12 విటమినును, ఇనుమును, జింకును అందు కూర్తురు. దాని వాసన దుర్భరము.

ఒకనాడు పాపకు జ్వరము తగిలెను. తల్లిదండ్రులు కచేరీలో నుండిరి. లంఘనమే ఔషధమని చిన్ననాటినుండి విన్నవాడను. పొడిని మానిపించి గంజితేట మాత్రమిచ్చితిని. పథ్య మెంత కఠినమైన నంత మేలని నా తలంపు. మఱునాటి పరీక్షలో నెత్తుట ఆ యంశము పెరిగియుండెను!

వైద్యుడు నాకు విడమఱచి చెప్పెను. జ్వరమునను, పస్తునను దేహము తన కండనే కరగించుకొనును. ఆ కండలోను ఫినైల్‌అలనిన్ కలదు. పైగా దేహము దానిని స్వయముగా చేసికొనజాలదు గనుక, దానిని బొత్తిగా మానిపించినను బిడ్డ ఎదుగదు. అందుకే ఆ కొలిచిన యన్నము.

"మామయ్యా, ఆ పొడియే దానికి పప్పును పాలును," అనెను మేనకోడలు. నన్ను వేఱొక మాట యనలేదు.

పుట్టిన రెండు మూడు దినములకు మడమనుండి తీసిన నెత్తుటి చుక్కతో ఈ వ్యాధిని పసిగట్టవచ్చును. మీ యింట కాన్పైనపుడు ఈ పరీక్షను గూర్చి వైద్యుని తప్పక అడుగుడు. ఇపుడు పాపకు పొడిని మూడు పూటలకు పంచి యిచ్చుచున్నారు. జ్వరమున చక్కెరనీరును తోడగును. నేనున్నన్నినాళ్లు ప్రొద్దుటిపూట అన్నము తూచు పని నాదే.