ట్రాక్టరు ముందు చక్రాలు లాగనప్పుడు దోషము ఎక్కడ?

కాలువకు నీరు వచ్చి నారు ముదురుచున్న రోజులలో, దమ్ములో దిగిన ఫోర్ వీల్ డ్రైవు ట్రాక్టరు వెనుక చక్రాలు మాత్రమే తిప్పుకొనుచు కూరుకొనిపోయినచో, గేరుబాక్సు పోయినదని అనుకొని విప్పించుటకు సిద్ధపడుదురు. అట్లు తొందరపడవలదు. దోషము గేరుబాక్సు వెలుపల ఉండుటకు నాలుగైదు చోట్లు కలవు. ఒక మంచి జాకీ, ముగ్గురు మనుషులు ఉన్నచో ఆ చోటు ఏదో మీరే కనుగొనవచ్చును.

మీరు లీవరు వేయగానే, మెకానిక్కులు డ్రాప్‌బాక్సు అను పెట్టెలో పళ్ల కాలరు జరిగి ముందుకు పోవు షాఫ్టును గేరులతో కలుపును. ఆ షాఫ్టు బండి పొట్టక్రిందుగా పోయి ముందు ఇరుసులోని డిఫరెన్షియలును, అది రెండు చక్రాలను త్రిప్పును.

ముందుగా మెత్తని నేలపై బండిని నెమ్మదిగా అడుగు ముందుకు, అడుగు వెనుకకు కదుపుచు లీవరు వేయవలెను. పళ్లు ఎదురెదురుగా నిలిచినచో లీవరు సగములోనే ఆగును; అది దోషము కాదు. పిదప గట్టి చదును నేలపై ఇంజను ఆపి, తాళపు చెవి జేబులో వేసికొని, వెనుక చక్రాలకు రెండు ప్రక్కల చెక్కలు పెట్టి, ముందు ఇరుసును జాకీతో ఎత్తవలెను. ఇరుసు క్రింద దిమ్మలు కూడ పెట్టవలెను. ఈ స్థితిలో ఎవరును ఇంజను వేయరాదు. వెనుక చక్రాలు లాగి బండి జాకీపైనుండి పడును.

ఇద్దరు మనుషులు రెండు ముందు చక్రాలను ఒకే దిక్కునకు త్రిప్పవలెను. ఒక్కదానిని త్రిప్పిన రెండవది ఎదురు తిరుగుట డిఫరెన్షియలు స్వభావమే. మూడవవాడు షాఫ్టును కనిపెట్టవలెను. చక్రాలు కొద్ది ఆటతో బిగిసిపోయినచో డ్రైవు కలిసినట్లే. చక్రాలు తిరిగి షాఫ్టు కదలనిచో దోషము ముందు కప్లింగులోనో ఇరుసులోనో ఉన్నది. షాఫ్టు కూడ తిరిగినచో వెనుక కప్లింగును చూడవలెను: దానిలోనికి వచ్చు డ్రాప్‌బాక్సు ముక్క నిలిచియుండి షాఫ్టు మాత్రమే తిరిగిన, కప్లింగు జారినది లేక లోపలి పళ్లు అరిగినవి. ఆ ముక్కయు తిరిగిన, కాలరు కలియుట లేదు. అప్పుడైనను పెట్టె విప్పుటకు ముందు లీవరు కడ్డీని చూడవలెను. దమ్ము బురద ఎండి పట్టుటవలననో, పిన్ను అరుగుటవలననో కడ్డీ పూర్తిగా జరుగకపోవుట తరచు కలదు. నేను చూచిన ఒక బండికి పెట్టె అంతయు విప్పి బిగించిన పిదప, కప్లింగును నిలుపు చిన్న సర్‌క్లిప్పు ఊడినదని తేలినది. అంతలో వంతు నీరు పోయినది!

డ్రైవు విడిపడకపోవుట వేరు చిక్కు. ముందు చక్రాలు వెనుకవాటికంటె కొంచెము వేగముగా తిరుగునట్లు గేరులు అమర్చియుందురు. బురదలో ఆ తేడా జారిపోవును. తారురోడ్డుపై జారక షాఫ్టు మెలికపడి కాలరు బిగుసుకొనును. సుత్తితో కొట్టక, కొన్ని గజములు వెనుకకు నడిపినచో లీవరు తేలికగా వచ్చును. తరచు ఇట్లగుచున్నచో టైర్లను అనుమానించవలెను: కొలత వేరైన టైరు వేసినను, గాలి తగ్గినను ఆ లెక్క తప్పును.

దమ్ముల అనంతరము ముందు ఇరుసు నూనెను కొంచెము దింపి చూడవలెను. పాలవలె తెల్లబడినచో సీలు పోయి నీరు చేరినది. సీలు మార్చిన తరువాతనే కొత్త నూనె పోయవలెను.