ఎగిరే బుడగలో ఉన్నది హీలియమేనా?
తెర మీది పాఠానికి విశాఖ తీరం తోడు కావాలి

విశాఖపట్నం: హీలియం పాఠం నల్లబల్ల దిగి తెర మీదికి వచ్చింది. వీడియోలో రంగురంగుల బుడగలు ఆకాశంలోకి లేస్తాయి. సూర్యుడు, బృహస్పతి, శని గిరగిరా తిరుగుతాయి. పది నిమిషాల్లో బొమ్మ అయిపోతుంది. పిల్లలు కళ్లప్పగించి చూస్తారు. సాయంత్రం అదే పిల్లలు రామకృష్ణా బీచికి పోయి, దారం కట్టిన బుడగ కొనిపించుకుని, ఇందులో ఉన్నది హీలియం అని ఇంట్లో వాళ్లకు చెబుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

వీధుల్లో, తీర్థాల్లో అమ్మే ఎగిరే బుడగల్లో చాలావరకు ఉండేది హైడ్రోజన్. హీలియం మన దేశానికి విదేశాల నుంచి రావాలి, ఖరీదెక్కువ. హైడ్రోజన్‌నైతే అల్యూమినియం ముక్కలు, కాస్టిక్ సోడా, నీళ్లు కలిపి పాత సిలిండర్లలోనే తయారు చేసేస్తున్నారు. లోపల ఒత్తిడి ఎంత పెరిగిందో చూపే మీటరు కూడా అలాంటి సిలిండర్లకు ఉండదు. హీలియం మంటకు అంటుకోదు. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. పుట్టినరోజు నాడు కేకు మీది కొవ్వొత్తుల పక్కనే ఈ బుడగల గుత్తి కట్టే తల్లిదండ్రులకు ఈ ముక్క ఎవరు చెప్పాలి?

పదో వంతు తేడాకే

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. లీటరు హీలియం బరువు 0.17 గ్రాము, హైడ్రోజన్ 0.08 గ్రాము. హైడ్రోజన్ బరువు సగమే కాబట్టి అది రెట్టింపు బరువు ఎత్తుతుందని పిల్లలు ఠక్కున అంటారు. అలా కాదు. తీసివేత చేసి చూడండి. లీటరు హీలియం 1.03 గ్రాములు ఎత్తితే, హైడ్రోజన్ 1.12 గ్రాములు ఎత్తుతుంది. తేడా పదో వంతు లోపే. అమ్మేవాడు దాన్ని నింపేది చవక కనుక, అంతే. వీడియోను అక్కడ ఆపి పిల్లల చేత ఈ తీసివేత చేయిస్తే తేలడమంటే ఏమిటో బోధపడుతుంది.

మరో సంగతి. కొన్ని వీడియోల్లో హీలియం పీల్చి కీచుగొంతుతో మాట్లాడి నవ్విస్తారు. చూడడానికి సరదాగానే ఉంటుంది. కాని పీల్చిన హీలియం ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది, మనిషి స్పృహ తప్పవచ్చు. సిలిండరు నుంచి నేరుగా పీలిస్తే ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులు చీలే ప్రమాదం కూడా ఉంది. ఇక బీచిలో కొన్న బుడగతో ఆ ఆట ఆడితే లోపలికి పోయేది హీలియం కూడా కాదు.

తెర మీద పాఠం తెలుగువారికి కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు జరిగిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. అప్పట్లో బొమ్మ ఆపడం మాస్టారి చేతిలో లేదు. ఇప్పుడు ఆపవచ్చు, వెనక్కు తిప్పవచ్చు, ప్రశ్న వేయవచ్చు. ఆపకుండా ఆడించేస్తే మాత్రం అది పాఠం కాదు, సినిమా.

గుంటూరులో పసుపు గీత

బయటి దేశాల్లో తీసిన వీడియోల్లో మన ఊళ్లు కనబడవు. నిజానికి హీలియం కథ మొదలైంది తెలుగునాట. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపట దర్శినిలో చూశారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి పరిశీలించారు. ఆ కాంతిలో ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియం గీత ఉండవలసిన చోట లేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను పట్టుకుని, ఇది భూమి మీద ఎరగని మూలకం అన్నారు. సూర్యుడి గ్రీకు పేరుతో హీలియం అయింది. భూమి మీద విలియం రామ్సేకు అది చిక్కింది 1895లో.

ఆ గ్రహణాన్ని విశాఖలోనూ ఒకరు పరిశీలించారు. ఆయన అంకితం వెంకట నరసింగరావు. మామగారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో ఇక్కడ వేధశాల పెట్టారు. స్థానిక సమయం తెలిపేందుకు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ధ్వజస్తంభం కూడా నిలిపారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం నల్లచుక్కలా సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని నరసింగరావు ఇక్కడినుంచే చూశారు. ఓడరేవు నగరంలో ఎంతమంది విద్యార్థులు ఈ ఇద్దరి పేర్లు విన్నారో అడిగి చూడవలసిందే.

కాళ్ల కింద ఇసుకలో

విశాఖ, భీమిలి తీరంలోని నల్ల ఇసుకలో కొద్దిపాళ్లలో మోనజైట్ ఉంది. అందులోని థోరియం తనంతట తాను క్షీణిస్తూ ఆల్ఫా కణాలను వదులుతుంది. ఆల్ఫా కణమంటే హీలియం కేంద్రకమే. రెండు ఎలక్ట్రాన్లు చేరితే హీలియం అణువైపోతుంది. బుడగ పట్టుకుని పరుగెత్తే పిల్లవాడి చేతిలో హైడ్రోజన్, కాళ్ల కింద హీలియం!

ఉక్కు కర్మాగారం గాలిని చల్లబరచి ప్రాణవాయువు, నైట్రోజన్, ఆర్గాన్ వేరు చేస్తుంది. గాలిలో ఆర్గాన్ దాదాపు ఒక శాతం ఉంది కనుక గిట్టుబాటు అవుతుంది. హీలియం పది లక్షల పాళ్లలో అయిదే. అందుకే దాన్ని గాలి నుంచి కాక భూగర్భంలోని సహజవాయువు నుంచి తీస్తారు.

బుడగ చంద్రుడి దాకా పోతుందా అని చిన్నపిల్లలు తప్పక అడుగుతారు. జవాబు విశాఖలోనే ఉంది. పైగాలులు కొలవడానికి వాతావరణ శాఖవారు ఇక్కడినుంచి బుడగలు వదులుతారు. బయట ఒత్తిడి తగ్గుతున్న కొద్దీ బుడగ ఉబ్బి, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున పగిలిపోతుంది. గాలి లేని చోట ఏ బుడగా తేలదు.

గాలి ఉన్న గ్రహం మీద తేలుతుంది. నరసింగరావు చూసిన ఆ శుక్రగ్రహం మీదే 1985 జూన్‌లో సోవియట్ 'వేగా' నౌకలు రెండు హీలియం బుడగలను వదిలాయి. అవి సుమారు 54 కిలోమీటర్ల ఎత్తున మేఘాల్లో రెండు రోజులకు కాస్త తక్కువగా తిరుగుతూ సమాచారం పంపాయి. శుక్రుడిది బొగ్గుపులుసు వాయువుతో నిండిన బరువైన గాలి కాబట్టి అక్కడ హీలియం సులువుగా తేలింది.

మరి బృహస్పతి మీద? అక్కడి గాలి ఎక్కువగా హైడ్రోజన్, మిగిలినది దాదాపు హీలియమే. ఆ మిశ్రమం కంటే ఒట్టి హీలియం బరువు. బీచిలో పైకి లేచే హీలియం బుడగ అక్కడ రాయిలా కిందికి దిగిపోతుంది.